గట్టు వీధిలో ఒక్క రసీదు

సువార్తమ్మ నన్ను తిట్టకుండా ఒక్క ఏడాది కూడా ఇంటి పన్ను కట్టలేదు. పంచాయతీ బిల్ కలెక్టరుగా ముప్ఫై ఒక్క ఏళ్ళు గడప గడపా తిరిగినవాణ్ణి, తిట్లు నాకు కొత్త కాదు. కానీ ఆవిడ తిట్టే పద్ధతే వేరు. నా సైకిల్ బెల్లు వినపడగానే చేతిలో చీపురు పక్కన పడేసి, "వచ్చారా హనుమంతరావు గారూ! కుర్చీ వేస్తాను, కూర్చుని మరీ తిట్టించుకోండి" అనేది. నిజంగానే కుర్చీ వేసేది. మంచినీళ్ళిచ్చేది. అప్పుడు మొదలుపెట్టేది.

మా ఊరి పేరు చెప్పను. చెప్పడానికి నాకే మొహం చెల్లడం లేదు. గుండుగొలను దగ్గర హైవే దిగి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో ఉంటుంది, అంతవరకు చాలు. ఊరి చివర ఒక మురుగు డ్రెయిను, దాని గట్టు మీద ఇరవైరెండు ఇళ్ళు. గట్టు వీధి అంటాం. ఎక్కువమంది చర్చికి వెళ్ళేవాళ్ళు, నాలుగు ముస్లిం ఇళ్ళు. గట్టు ప్రభుత్వానిది, దాని మీద ఇళ్ళు వీళ్ళవి. పట్టాలు లేవు. పన్ను మాత్రం తాతల నాటి నుంచీ కడుతున్నారు.

సువార్తమ్మ నాట్ల ముఠాకి పెద్ద. ఊడ్పుల రోజుల్లో ముప్ఫైమంది ఆడవాళ్ళని వెంటేసుకుని దెందులూరు దాకా వెళ్ళేది. రైతుతో కూలి మాట్లాడేది ఆవిడే, బురదలోకి ముందు దిగేదీ ఆవిడే. ఎవరికైనా నడుం పట్టేస్తే వాళ్ళ వంతు కూడా తనే ఊడ్చి, కూలి మాత్రం వాళ్ళకే ఇప్పించేది. అందుకే ఆవిడ సరేనంటే వీధంతా సరేనన్నట్టే.

ఆవిడ భర్త నిత్యానందం చేపల చెరువు దగ్గర కాపలా మనిషి. నోట్లో నాలుక లేనివాడు. చర్చిలో అందరితో పాటు పెదవులు కదిలేవి గానీ పాట బయటికి వినపడేది కాదు. పిల్లలు లేరు వాళ్ళకి. ఎదురింట్లో కమరున్నీసా ఉండేది. మేమంతా బూబమ్మ గారు అనేవాళ్ళం. భర్త పోయాక కుట్టుమిషను తొక్కి కూతురు రేహానాని పెంచుకుంది. సువార్తమ్మ ఊడ్పుల నుంచి వచ్చేసరికి బూబమ్మ ఇంట్లో ఆవిడకి కూర తీసిపెట్టి ఉండేది. బూబమ్మకి జ్వరం వస్తే సువార్తమ్మ మంచం దగ్గరే పడుకునేది. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి.

రెండువేల నాలుగు ఎన్నికలప్పుడు ప్రసాదరావు గారు ఎమ్మెల్యేగా నిలబడ్డారు. మంచి మనిషి. ఇంత జరిగాక కూడా ఈ మాట నేను వెనక్కి తీసుకోను. మిగతావాళ్ళు జీపులో నిలబడి చెయ్యి ఊపి పోయేవాళ్ళు. ఈయన మాత్రం ప్రతి ఇంటి ముందూ ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఎవరేమడిగితే అది రాసుకునేవారు. గట్టు వీధిలో సువార్తమ్మ ఇంటి ముందు నులకమంచం మీద కూర్చున్నారు. నేనూ అక్కడే ఉన్నాను. పన్నుల పనికే వెళ్ళి ఇరుక్కుపోయాను.

"మీకేం కావాలో చెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నారాయన.

సువార్తమ్మ చీర కొంగు బొడ్లో దోపింది. అది చూసి నాకు నవ్వొచ్చింది. నన్ను తిట్టే ముందు కూడా అంతే.

"ఏవండీ, పట్టా అడిగితే గట్టు మీది కాదు పొమ్మంటారు. మార్చి నెల వస్తే ఇల్లు మీదే కదా పన్ను కట్టమంటారు. మాది కాకపోతే పన్ను ఎందుకండీ? మాదే అయితే పట్టా ఏదండీ? రెండిట్లో ఏదో ఒకటి తేల్చండి బాబూ, మీకు పుణ్యం ఉంటాది!"

వీధంతా చప్పట్లు కొట్టింది. ప్రసాదరావు గారు రాయడం ఆపి ఆవిడ మొహంలోకి చూశారు. ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం సభలో ఆ మాటే చెప్పారు. మర్నాడు ఇంకో సభలో చెప్పారు. నెల తిరక్కుండా అది ఆయన మాటే అయిపోయింది. గెలిచారు.

గెలిచాక మర్చిపోలేదు, అదీ విశేషం. అర్జీ రాయించి పంపారు. సువార్తమ్మ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది. వేలిముద్ర వేయనని భీష్మించుకున్న మత్తయి వేలు తనే పట్టుకుని సిరాలో ముంచింది. ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో మాట్లాడారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఏడాది దాటేసరికి పోరంబోకు మీద ఉన్న చిన్న ఇళ్ళకి పన్ను ఎత్తేస్తూ మా పంచాయతీ తీర్మానం చేసింది. పట్టాల సంగతి తర్వాత చూద్దామన్నారు. రెండిట్లో సులువైనది ముందు అయింది.

చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టి బూందీ పంచారు. నాకూ ఒక పొట్లం ఇచ్చారు. సువార్తమ్మ అయితే నేల మీద నిలవలేదు. "చూశారా హనుమంతరావు గారూ, నా మాట అసెంబ్లీ దాకా ఎల్లింది. ఇంక మీకు తిట్లు లేవు, కుర్చీ లేదు!" అని పగలబడి నవ్వింది. ఆఫీసుకొచ్చి రిజిస్టరు తెరిచి, ఆ ఇరవైరెండు ఇళ్ళ మీదా ఎర్రసిరాతో గీత కొట్టాను. అలా కొడితే ఆ ఇళ్ళు పంచాయతీ లెక్కలోంచి పోయినట్టేనని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అడిగినదానికి చెప్పడం, అడగనిదానికి నోరు మూసుకోవడం, ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే.

ఆ పై ఫిబ్రవరిలో మిగతా ఊరి పన్నుల కోసం తిరుగుతూ గట్టు వీధి మీదుగా వెళుతున్నాను. బూబమ్మ గడప దిగి వచ్చింది. కొంగు ముడి విప్పి డబ్బు తీసి, "నాది కట్టించుకుని రసీదు రాయండి హనుమంతరావు గారూ" అంది.

"మీకు పన్ను లేదుగా బూబమ్మ గారూ."

"లేకపోతే లేకపోయింది. పన్ను కట్టకపోతే మేము ఇక్కడ ఉన్నట్టు ఎవరికి తెలుస్తాదండీ?"

ఆవిడ చదువుకోలేదు. చదువుకున్న నేను ఏమీ అనకుండా రసీదు పుస్తకం తీశాను. ఇంతలో ఎదురింటి నుంచి సువార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. నా చేతిలో డబ్బు లాక్కుని బూబమ్మ చేతిలో కుక్కింది.

"ఏంటి బూబమ్మా ఇది? వీధంతా ఒక్క మాట మీదుండి సాధించుకున్నాం. నువ్వొక్కదానివే కడితే, చూశారా కట్టగలిగీ ఏడుస్తన్నారు అని మళ్ళీ అందరి మీదా పన్ను వేస్తారు. మమ్మల్నందరినీ అబద్ధాలకోరుల్ని చేస్తావా?"

"భయమేస్తందక్కా."

"నేనున్నాను కదే! నన్ను నమ్మవా?"

బూబమ్మ డబ్బు మళ్ళీ కొంగున కట్టుకుంది. "సరే అక్కా, కట్టను. మాటిస్తన్నా" అంది. నిత్యానందం అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. తలెత్తి బూబమ్మని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు.

వారం తర్వాత మధ్యాహ్నం భోజనం వేళ అతను పంచాయతీ ఆఫీసుకి వచ్చాడు. నేను క్యారేజీ విప్పి కూర్చున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాకొక రసీదు రాయండయ్యా."

"నీకు అవసరం లేదయ్యా నిత్యానందం."

"అవసరం లేకపోయినా కట్టుకుంటే తప్పాండీ?"

తప్పు లేదు. రిజిస్టరు చివరి పేజీలో గీత గీసి, అతని పేరు రాసి, డబ్బు తీసుకుని రసీదు ఇచ్చాను. మామూలు పద్దు కాదు కాబట్టి పక్కన సంతకం పెట్టించాను. పేరు రాసి చివర సున్నా పెద్దగా చుట్టాడు. "మా ఆవిడకి చెప్పకండయ్యా, బాధపడుద్ది" అన్నాడు. సరేనన్నాను. నేను అన్నంలో చెయ్యి పెట్టేసరికి, వెళ్ళినవాడు వెనక్కి వచ్చాడు.

"బూబమ్మ గారిది కూడా నేనే కట్టొచ్చాండీ? ఆవిడ మా ఆవిడకి మాటిచ్చేశారు, ఇంక రారండీ."

ఎవరి పన్ను ఎవరైనా కట్టొచ్చు. అడ్డుపడే రూలు ఏదీ లేదు. కానీ నా పప్పుచారు చల్లారిపోతోంది. ఇంకో రసీదు రాయాలంటే చెయ్యి కడుక్కోవాలి, కార్బన్ సర్దాలి. "ఎవరి ఇంటికి వాళ్ళే రావాలయ్యా, అలా కుదరదు" అన్నాను. అంతే. అంతకు మించి కారణం లేదు.

రెండో ఏడాది వచ్చినప్పుడు కూడా అడిగాడు. ఒకసారి కుదరదన్నాక రెండోసారి కుదురుతుందని ఎలా చెప్పను? అదే మాట చెప్పి పంపాను. మూడో ఏడాది తనది కట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, అడగకుండానే వెళ్ళిపోయాడు. ఆ వేసవిలో చెరువు గట్టు మీదే గుండె ఆగి పోయాడు. సువార్తమ్మ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే బూబమ్మ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నవంబరులో డ్రెయిను వెడల్పు చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొల్లేరు పొంగినప్పుడల్లా పొలాలు మునుగుతున్నాయి, పని అవసరమే, కాదనలేం. గట్టు మీద ఇళ్ళన్నీ తీసేయాలి. గడిచిన మూడేళ్ళుగా ఇల్లు ఉన్నట్టు పంచాయతీ రికార్డు ఉంటే ప్రభుత్వ కాలనీలో సెంటున్నర స్థలం ఇస్తారు. లేకపోతే కొత్తగా ఆక్రమించినవాళ్ళ కిందే లెక్క. మిషన్ స్కూలు వరండాలో టేబులు వేసుకుని ఆఫీసరు కూర్చున్నాడు. వీధంతా వచ్చింది. ట్రంకు పెట్టెలు బోర్లించి పాత రసీదులు తెచ్చారు. పదేళ్ళవీ ఇరవై ఏళ్ళవీ ఉన్నాయి. ఈ మూడేళ్ళవే లేవు.

బూబమ్మ రేషన్ కార్డు, ఓటరు కార్డు టేబులు మీద పెట్టింది. ఆఫీసరు చూసి మెల్లగానే చెప్పాడు. "కార్డులు మనిషి ఉన్నట్టు చెప్తాయమ్మా. ఇల్లు ఉన్నట్టు చెప్పవు."

"మేమే కట్టడం మానేశామండీ. ప్రభుత్వమే వద్దంది" అంది సువార్తమ్మ. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "రికార్డులో ఒక్కరైనా ఉన్నారా?"

చివరి పేజీ తెరిచాను. "ఒక్కరున్నారు సార్. నిత్యానందం. మూడేళ్ళూ కట్టాడు."

ముందు మత్తయి కదిలాడు. "మా చేత మాన్పించి నీ మొగుడి చేత కట్టించుకున్నావా వదినా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. ఏడుస్తూ అన్నాడు.

"అబద్ధం!" అని అరిచింది సువార్తమ్మ. "ఈ హనుమంతరావు అబద్ధమాడతన్నాడు! మా ఆయన నాకు చెప్పకుండా చొక్కా కూడా కొనుక్కోలేదు ఏ రోజూ. దేవుడి తోడు, నాకు తెలీదు! ఒరే మత్తయ్యా, నాకు తెలీదురా!"

నేను రిజిస్టరు ఆవిడ ముందుకి తిప్పాను. మూడు సంతకాలు, మూడు పెద్ద సున్నాలు. ఆవిడ వేలు పెట్టి ఒక్కో సున్నా చుట్టూ తిప్పింది. మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. తర్వాత వెనక్కి తిరిగి వీధి వాళ్ళని చూసింది. ముప్ఫై ఏళ్ళు తన వెనక బురదలో దిగిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే పిల్లల చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయారు. బూబమ్మ ఒక్కతే ఆగింది. టేబులు మీద కార్డులు తీసుకుని రెండూ ఒకదాని మీద ఒకటి సర్దుకుంది.

సువార్తమ్మ ఆఫీసరు టేబులు పట్టుకుంది. "ఆ స్థలం ఈవిడకి రాయండి బాబూ. నేను ఒంటిదాన్ని, ఎక్కడైనా పడుంటాను. ఈవిడకి ఆడపిల్లుంది." కుదరదన్నాడతను. ఆ 'కుదరదు' అన్న మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అప్పుడు నాకు ఏ రూలూ లేదు, అతనికి నిజంగానే ఉంది.

"నిత్యానందం అన్న కట్టాడు. ఆయన ఇచ్చింది పారేసుకోకు అక్కా, ఎల్లు" అంది బూబమ్మ. ఆ మాటతో సువార్తమ్మ కూలబడిపోయింది.

ఎమ్మెల్యే గారు వచ్చారు. వెళ్ళని ఆఫీసు లేదు, కలవని మనిషి లేడు. ఫైలు పరిశీలనలో ఉందని పైవాళ్ళు అన్నారు. ఇళ్ళు తీసేసే ముందు రోజు అదే నులకమంచం మీద వచ్చి కూర్చున్నారు. "మీకు మంచి చేద్దామనే చేశానమ్మా" అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "అడిగింది నేనే కదండీ" అంది సువార్తమ్మ. అప్పుడు కొంగు బొడ్లో దోపలేదు.

ఇరవైరెండు ఇళ్ళూ ఒక్క పూటలో పోయాయి. ఎవరి దారి వాళ్ళది. కొందరు దెందులూరు, కొందరు తాడేపల్లిగూడెం. బూబమ్మ కుట్టుమిషను రిక్షాలో వేసుకుని కూతురితో ఏలూరులో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. సువార్తమ్మ కాలనీలో రేకుల షెడ్డు వేసుకుంది. రెండో పంట దాళ్వా నాట్లకి పిలిస్తే ఒక్క మనిషి రాలేదు. రైతుల దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, ఇంకెవరో పెట్టిన ముఠాలో వెనక వరసలో ఊడ్చి వచ్చింది. నేను జనవరిలో రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు. ఆ రోజు నా మొహం నేనే అద్దంలో చూసుకోలేదు.

రెండువేల తొమ్మిది ఏప్రిల్. మళ్ళీ ఎన్నికలు. ఓటరు లిస్టులో గట్టు వీధి చెక్కుచెదరకుండా ఉంది. ఇరవైరెండు ఇంటి నంబర్లు, డెబ్బై ఒక్క ఓట్లు. ఎమ్మెల్యే గారి మనుషులు స్లిప్పులు పంచడానికి వస్తే అక్కడ డ్రెయిను తప్ప ఏమీ లేదు. ఎవరు ఎక్కడున్నారో సువార్తమ్మకే తెలుసు కాబట్టి ఆవిడ దగ్గరికి వెళ్ళారు. ఏ నంబరు ఎవరిదో నాకు కంఠతా వచ్చు కాబట్టి నన్నూ అడిగారు.

"ఇస్తానండీ. ఓటు కోసమైనా అందరూ ఒక్క రోజు ఒక్కచోట నిలబడతారేమో" అంది సువార్తమ్మ. ఆ ఆశ చూసి నేను కాదనలేకపోయాను.

దెందులూరులో మత్తయి స్లిప్పులు నా చేతిలోంచి తీసుకున్నాడు, ఆవిడ చేతిలోవి తీసుకోలేదు. ఆఖరికి ఏలూరు వెళ్ళాం. బూబమ్మ తమ్ముడింటి వసారాలో ఓ మూల మిషను వేసుకుని కుడుతోంది. సువార్తమ్మని చూసి లేచి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. టీ పెట్టింది. స్లిప్పు అందుకుని, రేహానాని పిలిచి చదివించుకుంది.

"పేరు, క్రమసంఖ్య... ఇంటి నంబరు నాలుగు బై పదిహేడు" అని చదివింది రేహానా.

"మన ఇంటి నంబరే?"

"మన ఇంటిదేనమ్మీ."

బూబమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని స్లిప్పు మళ్ళీ తీసుకుంది. "ఓటెయ్యడానికి ఎల్తే ఇది అక్కడ తీసేసుకుంటారు కదండీ?" అని నన్ను అడిగింది.

"తీసుకుంటారండీ."

"అయితే నేను రాను. ఉంచుకుంటాను. ఇల్లు పోయాక ఇంటి పేర రాసున్న కాగితం ఇదొక్కటే వచ్చింది నాకు" అని మిషను సొరుగులో పెట్టి మూసింది. సువార్తమ్మ తెల్లబోయి చూస్తూ కూర్చుంది. టీ తాగలేదు.

తిరుగు బస్సు గుండుగొలను చేరబోతోంది. దిగే ముందు ఆవిడ నా వైపు తిరిగింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. మా ఆయన తనది కట్టుకున్నాడు, సరే. బూబమ్మ భయపడతంటే ఆ రోజు అక్కడే ఉన్నాడు కదా, చూశాడు కదా. ఆవిడది కూడా కట్టొచ్చా అని మిమ్మల్ని ఎప్పుడూ అడగలేదాండీ? ఆయన అలాంటోడు కాదండీ. అడిగే ఉంటాడు. అడిగాడని ఒక్క మాట చెప్పండి, చాలు నాకు."

నోటి దాకా వచ్చింది. అడిగాడమ్మా, రెండుసార్లు అడిగాడు, అన్నం చల్లారుతోందని నేనే పొమ్మన్నాను అని. ఆవిడ కళ్ళలోకి చూశాక ధైర్యం చాలలేదు.

"అడగలేదమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. ఒళ్ళోని సంచి మూతి మడిచి పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. బస్సు ఆగాక ముందు తనే దిగి, నా కోసం ఆగకుండా కాలనీ వైపు నడిచింది. ఆ తర్వాత ఆవిడ బతికిన నాలుగేళ్ళలో నిత్యానందం పేరు ఎత్తగా ఎవరూ వినలేదు.